కృత్రిమ గ్రహణము

సూర్యుని పరిశీలింపదలచినవారికి సూర్యుడే అడ్డు. ఆయన చుట్టును ముత్యపు వన్నెతో వ్యాపించియుండు కరోనా, బింబపు వెలుగులో పది లక్షలవ వంతు కాంతి మాత్రమే గలది. బింబము మరుగుపడిననేగాని అది కంటికి కనబడదు. అందువలన పూర్వపు ఖగోళశాస్త్రజ్ఞులు సంపూర్ణ గ్రహణము ఎచ్చట పట్టునో అచ్చటికి సముద్రములు దాటి పోవలసివచ్చెడిది.

1868 ఆగస్టు 18వ తేదీ ఉదయము అట్టి గ్రహణము మన గుంటూరు మీదుగా పోయినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, బెంగాలు సైన్యపు ఇంజనీరు టెనెంట్ ఆ ఊరనే పరికరములు నెలకొల్పుకొనిరి. మద్రాసు వేధశాలాధిపతి పోగ్సన్ మచిలీపట్టణమునకు వచ్చెను. అంత ప్రయాసకును ఫలము కొలది నిమిషముల చీకటి! మబ్బు పట్టినచో అదియు లేదు.

హీలియము గుంటూరులో పుట్టినదని మనము గర్వముగా చెప్పుకొనుచుందుము. ఆ మాట కొంత సవరించుకొనుట మంచిది. వర్ణపటములోని పసుపుపచ్చని రేఖ ఒక క్రొత్త మూలకమునకు చెందినదని తరువాత ప్రతిపాదించిన కీర్తి ఇంగ్లండునందలి లాకియరుది. భూమిమీద హీలియము 1895లో గాని దొరకలేదు. జాన్సెన్ సాధించినది వేరు. నా దృష్టిలో అంతకంటె గొప్పది. సూర్యుని అంచున ఎగయు జ్వాలల వర్ణరేఖలు మిక్కిలి ప్రకాశముగా నుండుట చూచి, ఇవి గ్రహణము లేకున్నను కనబడవలెనని ఊహించి, మరునాడే పట్టపగటి సూర్యునియందు వానిని చూచి నిరూపించెను.

జ్వాలలు చిక్కినవి గాని కరోనా చిక్కలేదు. 1930 ప్రాంతమున ఫ్రాన్సులో బెర్నార్ లియో దూరదర్శిని లోపలనే ఒక బిళ్ళ నమర్చి, బింబమును మరుగుపరచి, కొండకొమ్మున కృత్రిమ గ్రహణమును కల్పించెను. ఐనను ఆకాశపు వెలుగు ఆ పలుచని కాంతిని చాలవరకు మింగివేయుచునే యుండెను. గాలిని దాటి పోవుటయే గతి.

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ మొదట తలపెట్టిన ‘ఆదిత్య’ 800 కిలోమీటర్ల ఎత్తున తిరుగవలసిన చిన్న ఉపగ్రహము. పిమ్మట ఆలోచన మారినది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యుని వైపున, లాగ్రాంజి బిందువు ఒకటి యున్నది. అచ్చట సూర్యుని ఆకర్షణయు భూమి ఆకర్షణయు కలసి, నౌక భూమితోపాటే ఏడాదికొక ప్రదక్షిణము చేయునట్లు నడపును. అచ్చట రాత్రి లేదు, చూపు ఎడతెగదు.

ఏడు పరికరములలో ముఖ్యమైన కరోనా దర్శినిని బెంగుళూరునందలి భారత ఖగోళభౌతిక సంస్థ నిర్మించినది. ఇందలి చిక్కు శ్రోతలు గమనింపవలెను. అద్దముపై ధూళికణములు చేరినను, దాని నునుపులో ఇసుమంత లోపమున్నను, సూర్యకాంతి చెదరి కరోనాను కప్పివేయును. కావుననే ఆపాదమస్తకము కప్పుకొన్న నిపుణులు హొసకోటెలోని ధూళిరహితమైన గదిలో దానిని కూర్చి పరీక్షించిరి. 2023 జనవరి 26న దానిని అంతరిక్ష సంస్థకు అప్పగించిరి.

నౌక సిద్ధమై శ్రీహరికోట చేరినది. సెప్టెంబరు 2వ తేదీ ఉదయము 11 గంటల 50 నిమిషములకు పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు దానిని మోసికొని లేచినది. నాలుగు మాసములకు పైగా పయనించి, 2024 జనవరి 6న ఆదిత్య ఆ బిందువు చుట్టును గల కక్ష్యలో ప్రవేశించినది.