వింటే భారతమే వినాలన్నవాడెవరు?

తెలుగులో సాహిత్యవిమర్శ ఎప్పుడు పుట్టిందని అడిగితే మా పండితవర్గం చెప్పే సమాధానం దాదాపు ఒకటే. కందుకూరి వీరేశలింగం పంతులు గారి కవుల చరిత్రతో అంకురించి, 1914లో కట్టమంచి రామలింగారెడ్డి గారి కవిత్వతత్త్వ విచారముతో నిలదొక్కుకున్నదంటారు. సిద్ధాంతాలతో గ్రంథరూపంలో వచ్చిన విమర్శకు ఈ మాట సరిపోతుంది. కాని నన్నయగారు భారతం ఆరంభించిన పదకొండవ శతాబ్దం నుండి ఆ ఏటి దాకా ఎనిమిది వందల ఏళ్ళకు పైగా గడిచాయి. అన్నాళ్ళూ కావ్యాలు చదివినవారూ, పురాణకాలక్షేపంలో విన్నవారూ బాగుందనో బాగాలేదనో అనకుండానే కాలం వెళ్ళబుచ్చారా? అలా జరగలేదనడానికి ఆధారాలు మన నోళ్ళలోనే ఉన్నాయి. ఈ టపాలో వాటిని కొంత పరామర్శిస్తాను.

"తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి" అన్నది అందరికీ తెలిసిన సామెత. దీన్ని వంటయింటి సామెతగానే వాడుతున్నాం కాని, నిజానికి ఇది ఒక చదువరి మరొక చదువరికి చేసిన సిఫారసు. ఏ పుస్తకం ఎంచుకోవాలో చెబుతున్నది, ఎలా ఆస్వాదించాలో కూడా చెబుతున్నది. గారెలు ఒంటరిగా తినే పిండివంట కాదు, పండుగనాడు నలుగురి నడుమ తినేవి. భారతం కూడా నలుగురూ కూర్చుని వినవలసినదే. ఈ మాట తొలిసారి అన్నవాడి పేరు ఏ కవుల చరిత్రలోనూ లేదు. కాని ఇంతకాలం నిలిచిన సమీక్షావాక్యం మరొకటి మనకున్నదా?

పండితుల పరిహాసాలూ ఈ కోవలోనివే. శ్రీనాథుడు హర్షుని నైషధాన్ని తెలుగు చేస్తే సంస్కృతపండితులు "మీ డుమువులు మీరు తీసుకుని మా నైషధం మాకిచ్చేయండి" అన్నారట. తెలుగు ప్రత్యయాలు నాలుగు తీసేస్తే మిగిలేదంతా సంస్కృతమేనని ఆక్షేపణ. శృంగారనైషధంలోని సమాసభూయిష్ఠమైన శైలిని గురించి పుటలకొద్దీ రాయవలసిన విషయం ఈ ఒక్క చెణుకులో ఇమిడిపోయింది. చేమకూర వెంకటకవి విజయవిలాసాన్ని గురించి "చేమకూర పాకాన పడింది" అన్నమాట కూడా అంతే. ఇంటిపేరు మీద శ్లేష, కావ్యపు చవి మీద తీర్పు, రెండూ ఒకే ముక్కలో వచ్చాయి.

ఇటువంటి మాటలకు పద్యరూపమే చాటువు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో తెలియకపోయినా ఒకరి నోట విని మరొకరు అప్పగించుకుంటూ వచ్చిన పద్యాలవి. వాటిని సేకరించి చాటుపద్య మణిమంజరిగా వెలువరించిన మహనీయుడు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు. ఆయన మా దివిసీమవారే. 1888లో కృష్ణ ఒడ్డున పెదకళ్ళేపల్లిలో జన్మించారు. తాళపత్రాలు పరిష్కరించిన చేతితోనే, ఏ తాళపత్రంలోనూ చేరని పద్యాలను కూడా ఆయన గ్రంథస్థం చేశారు. ఆ పని జరగకపోతే ఎన్ని పద్యాలు చెప్పేవారితోపాటే కాటికి పోయేవో! తరువాతి కాలంలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు చాటువుల మీద 1998లో ఒక ఆంగ్లగ్రంథం ప్రకటించారు. చాటుసంప్రదాయంలో ఒక పాఠకసమాజపు అభిరుచి, విమర్శదృష్టి దాగి ఉన్నాయన్న భావానికి వారివల్ల లోకంలో ప్రాచుర్యం కలిగింది.

చరిత్ర దృష్టితో చూస్తే ఈ కథలలో తప్పులు కొల్లలు. శ్రీనాథుణ్ణీ పోతననూ బావామరదులను చేశారు. ఒకరిని పల్లకిలోనూ, మరొకరిని మడిచెక్కలోనూ నిలబెట్టారు. ఈ చుట్టరికానికి చారిత్రకాధారం లేదని పరిశోధకులు కొట్టివేశారు. కొట్టివేయవలసినదే. కాని ఆ కథ అబద్ధమని తేల్చి ఊరుకుంటే పని సగమే అవుతుంది. చదువరులు ఆ ఇద్దరినీ ఎందుకు పక్కపక్కన కూర్చోబెట్టారన్నది అసలు ప్రశ్న. రాజసభలో వెలిగిన కవిత్వమూ, భగవంతుడికే అంకితమైన కవిత్వమూ ఎదురెదురుగా నిలిస్తే వేటి విలువ ఎంత అని వారు తర్కించుకున్నారు. ఆ తర్కమే కథగా మారింది.

శ్రీనాథుని అవసానదశను చెప్పే చాటువునే తీసుకోండి. బొడ్డుపల్లిని గుత్తకు తీసుకోవడమూ, పంటను కృష్ణ కొట్టుకుపోవడమూ, సుంకం చెల్లించలేక పడిన అవమానమూ అందులో వస్తాయి. ఆ పద్యం శ్రీనాథుడిదేనా అన్న మీమాంస అలా ఉంచండి. కనకాభిషేకం పొందిన కవిసార్వభౌముణ్ణి కూడా వరదకు చేను పోగొట్టుకున్న రైతుగా ఊహించుకోగలిగిన జనం ఆ పద్యాన్ని కాపాడుకున్నారు. 1977 నవంబరు 19న ఉప్పెన చూసిన మా ప్రాంతంలో ఆ పద్యానికి టీక అవసరం లేదు.

మా బందరు చరిత్రలోనే మరొక నిదర్శనం ఉంది. సి.పి. బ్రౌన్ దొరగారు 1820ల తొలిభాగంలో మచిలీపట్నంలో కొలువు చేశారు. ఆ దశకంలోనే వేమన పద్యాల సేకరణకు పూనుకుని 1829లో ఆంగ్లానువాదంతో అచ్చు వేయించారు. అప్పటికి పండితులు వేమనను కవిగా లెక్కించేవారు కారు. శిష్టుల పట్టికలో చోటు లేని ఆ కవిని శతాబ్దాలపాటు బతికించినవారు ఆటవెలది నోటికి పట్టిన సామాన్యులు. వారి ఎంపికే చివరకు గెలిచింది. నేడు వేమన లేని తెలుగు వాచకం లేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో బందరు విద్వద్గోష్ఠులకు పెట్టింది పేరు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు హిందూ హైస్కూలులో తెలుగు చెప్పిన ఊరిది. విశ్వనాథ, పింగళి, కాటూరి అక్కడ వారి శిష్యులు. 1902లో వెలసిన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావు గారు సంపాదకులైన తరువాత, సాయంకాలాలు వారి చుట్టూ చేరే గోష్ఠికి "దర్బారు" అన్న పేరు స్థిరపడింది. కళలు, కావ్యాలు, రాజకీయాలు అన్నీ అక్కడ చర్చకు వచ్చేవి.

ఆ దర్బారుకు వెళ్ళనివారికి మరొక దర్బారు ఉండేది. అది నాటకం పందిరి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు హార్మోనియం మీద ఊరూరా మోగాయి. పడకసీనులో కృష్ణుడి పద్యానికి చేతిలో బీడీతోనే "వన్స్ మోర్" అన్నవాడు కూడా విమర్శకుడే. నచ్చిన పద్యాన్ని రెండవసారి చదివించుకునేవాడు. రాగం సాగదీసి అర్థం మింగేసిన నటుణ్ణి కూర్చోమనేవాడు.

నేను గిలకలదిండి పిల్లలకు పాఠం చెప్పిన రోజుల్లో, వేటకు పోయే ఒక పెద్దాయన కొడుకు మార్కుల కోసం వచ్చి, అవి అడగడం మాని "మేస్టారండీ, కుంతి వచ్చి చెప్పాక గూడా కర్ణుడు ఆ పక్షానే ఉండిపోవడం తప్పంటారా, ఒప్పంటారా?" అని అడిగారు. ఆయన సంతకం చేయగలిగినంత మేరకే చదువుకున్నారు. ఉద్యోగపర్వం ఆయనకు నాటకం ద్వారా చేరింది. తిక్కనగారి పద్యాలు చదివి వినిపిస్తే, "అన్నం పెట్టినోణ్ణి ఒదిలెయ్యలేదు, అదీ లెక్క" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయారు. ఆ మరుసటి వారం అదే ప్రశ్న తరగతిలో వేశాను. నలభైమందీ గైడులోని వాక్యమే అప్పజెప్పారు.

నా దిగులు ఇక్కడే ఉంది. కావ్యాలు అచ్చులో లేకపోవడం వల్ల నశిస్తాయన్న భయం నాకంతగా లేదు. వాటిని గురించి తప్పో ఒప్పో సొంతమాట అనేవారు లేకపోతే నశిస్తాయి. నేను పనిచేసిన ఒక పాఠశాలలో ప్రబంధాలున్న బీరువాకు తాళం ఉండేది, పుస్తకాలు పోకుండా. పోలేదు కూడా. చెదలు మాత్రం చదివాయి. "ప్రబంధాలను గురించి మాట్లాడడానికి వ్యాకరణం తెలియనివాడికేం అర్హత?" అని నాతో అన్న సహోపాధ్యాయులున్నారు. వ్యాకరణం కావాలి, కాదనను. అది చెప్పే బతికాను. కాని అర్హతాపత్రం చూపించాకే లోపలికి రమ్మంటే వేమన ఏనాడో బయట నిలబడి పోయేవాడు.

కనుక మిత్రులారా, మీ ఇళ్ళలో తాతలు, అమ్మమ్మలు ఏ కవిని ఏమని మెచ్చుకునేవారో, ఏమని తిట్టుకునేవారో జ్ఞాపకం చేసుకుని రాయండి. అచ్చుపుస్తకంలో దొరికేది అక్కరలేదు, నోటిమాటే కావాలి. కొత్తగా మొదలుపెట్టేవారు ఏది చదవాలని నన్నడిగితే తిక్కనగారి విరాటపర్వం అంటాను. కాదు, మనుచరిత్ర అనేవారుంటే సంతోషం. ఎందుకో చెప్పండి, వాదించుకుందాం.