ఎనిమిది బైట్ల సుంకం

ఈథర్నెట్ పుట్టింది ఒకే కప్పు కింద పనిచేసేవాళ్ల కోసం. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఆ ఆలోచనను కాగితం మీద పెట్టినప్పుడు, కేబుల్‌కు తగిలించిన కంప్యూటర్ ఎవరిదని ఆరా తీయాల్సిన పనే లేదు. ఫోన్ లైను సంగతి వేరు. డయలప్ కాలంలో మోడెమ్ నంబరు కలిపాక అవతలి యంత్రం యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి, సరిచూసుకున్నాకే లోపలికి రానిచ్చేది. రెండు కొసల మధ్య నడిచే ఆ సంభాషణకు నియమావళి పీపీపీ. 1994 జులైలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1661 అనే ప్రమాణ పత్రం దాన్ని స్థిరపరిచింది. 1999 ఫిబ్రవరిలో యూయూనెట్, రెడ్‌బ్యాక్ నెట్‌వర్క్స్, రౌటర్‌వేర్ సంస్థల ఇంజినీర్లు ఆర్ఎఫ్‌సీ 2516 పేరుతో పీపీపీకీ ఈథర్నెట్‌కూ ముడివేశారు. అదే పీపీపీవోఈ. డయల్ చేయనక్కర్లేని తీగ మీద డయల్ చేసే అలవాటును రుద్దారని నెట్‌వర్క్ నిపుణులు దాన్ని ఈసడించుకుంటూ వచ్చారు. ఆ తీర్పు సరికాదని నా వాదన. పీపీపీవోఈ పరిష్కరించింది తీగ సమస్యను కాదు, ఖాతా పుస్తకం సమస్యను. ఆ పని అది బాగానే చేసింది.

తొంభైల చివర్లో ఫోన్ తీగ మీదే బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే ఏడీఎస్ఎల్ వచ్చేనాటికి ఇంటర్నెట్ సంస్థల దగ్గర ఉన్న అసలు ఆస్తి మోడెమ్‌లు కాదు. ఎవరు చందాదారు, ఎంతసేపు వాడారు, ఎంత బిల్లు అని లెక్కగట్టే రేడియస్ సర్వర్లు, వాటి చుట్టూ అల్లుకున్న కార్యాలయ వ్యవస్థ. అదంతా పీపీపీ లాగిన్ మీదే నిలబడి ఉంది. పీపీపీని ఏటీఎం అనే నెట్‌వర్క్ సాంకేతికత మీద నేరుగా నడిపే పద్ధతి 1998 నాటికే ఉన్నా, కంప్యూటర్ దాన్ని సొంతంగా వాడుకోవాలంటే ఏటీఎం కార్డు కావాలి. చవగ్గా దొరికేది ఈథర్నెట్ కార్డు. ఒకే మోడెమ్ వెనక నాలుగు కంప్యూటర్లుంటే ఎవరి లాగిన్ వారికి ఉండాలన్నది మరో అవసరం. చేతిలో ఉన్న కార్డునూ, చేతిలో ఉన్న ఖాతా పుస్తకాన్నీ కలిపే దారి వెతకడం అతుకుల పని అనిపించుకోదు.

ఆ ముడి ఎలా పడిందో దగ్గర నుంచి చూడాలి. ఇంటి కంప్యూటర్ మొదట ‘ఇక్కడ సేవ ఇచ్చేవారెవరైనా ఉన్నారా’ అని అందరికీ వినబడేలా పాడీ అనే ప్యాకెట్ వదులుతుంది. అవతలి కొసన సెషన్లను అందుకునే కాన్సంట్రేటర్ పాడో పంపి తానున్నానంటుంది. కంప్యూటర్ పాడ్‌ఆర్‌తో దాన్ని ఎంచుకుంటుంది, అది పాడ్‌ఎస్‌తో ఒక సెషన్ నంబరు కేటాయిస్తుంది. ఆ నంబరు చేతికొచ్చిన క్షణం నుంచి, పదిమంది పంచుకునే ఈథర్నెట్ మీద ఇద్దరికే చెందిన సొరంగం తెరుచుకుంటుంది. లినక్స్ యంత్రంలో ఇది కళ్లకు కనబడుతుంది. తీగ తగిలించిన ఈటీహెచ్0 ఇంటర్‌ఫేస్‌కు ఐపీ చిరునామా అక్కర్లేదు, అది మేలుకొని ఉంటే చాలు. చిరునామా వచ్చేది దాని మీద కొత్తగా పుట్టే పీపీపీ0 ఇంటర్‌ఫేస్‌కు. బయటి ప్రపంచానికి దారి కూడా దాని గుండానే. ఈ తేడా తెలియక కింది ఇంటర్‌ఫేస్‌కు చిరునామా ఇచ్చి, దారిని అటు మళ్లించి, నెట్ రావడం లేదని తల పట్టుకున్నవారు ఎందరో.

లాగిన్‌లో @ గుర్తు తర్వాత వచ్చే పేరుకు చరిత్రలో దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. తీగ వేసింది ఒక సంస్థ అయినా, ఆ పేరు చూసి సెషన్‌ను మరో ఇంటర్నెట్ సంస్థకు అప్పగించవచ్చు. జపాన్‌లో ఎన్‌టీటీ వారి ఫ్లెట్స్ లైన్ల మీద చందాదారు తనకు నచ్చిన సంస్థను ఎంచుకోగలిగింది ఇలాగే. గుత్తాధిపత్యంలో ఉన్న రాగి తీగ మీద పోటీకి చోటు దొరికిందంటే, ఆ లాగిన్ పెట్టె వాటా అందులో చిన్నది కాదు.

దీనికి ఖర్చు లేదనడం లేదు. ఈథర్నెట్ ఫ్రేములో 1500 బైట్లు పడతాయి. పీపీపీవోఈ శీర్షికకు 6, పీపీపీ గుర్తుకు 2 పోగా మిగిలేది 1492. ఎనిమిది బైట్లే కదా అనుకుంటే పొరపాటు. ప్యాకెట్ పెద్దదైందని వెనక్కి చెప్పే ఐసీఎంపీ సందేశాలను కొన్ని సైట్ల ఫైర్‌వాల్స్ అడ్డుకునేవి. పింగ్ వెళ్తుంది, చిన్న పేజీ తెరుచుకుంటుంది, పెద్ద పేజీ సగంలో నిలిచిపోతుంది. రౌటర్లు టీసీపీ ముక్క గరిష్ఠ పరిమాణాన్ని, ఐపీ, టీసీపీ శీర్షికలు పోను, 1452కు కుదించడం నేర్చాకే ఈ బాధ తగ్గింది. అయితే తప్పు సొరంగానిదా, హెచ్చరికను నోరెత్తనీయని ఫైర్‌వాల్‌దా? నా దృష్టిలో రెండోదానిదే. 2006లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4638, పరికరాలు సహకరిస్తే పూర్తి 1500ను తిరిగి తెచ్చుకునే వీలూ కల్పించింది.

డీహెచ్‌సీపీ ఉండగా లాగిన్ ఎందుకన్నది ఇంతకంటే గట్టి ప్రశ్న. డీహెచ్‌సీపీ చిరునామా పంచుతుంది గానీ, అడిగినవాడు ఎవరో తనంతట తాను రుజువు చేయదు. సెషన్ ఎప్పుడు ముగిసిందో పీపీపీ చెప్పినంత కచ్చితంగా చెప్పదు. లైనును బట్టే చందాదారును గుర్తించే ఏర్పాట్లు స్థిరపడ్డాక ఈ తేడా చాలావరకు చెరిగిపోయింది. జపాన్ లైన్ల మీదే పీపీపీవోఈ సెషన్లు ముగిసే పరికరాల దగ్గర రద్దీ పెరిగి, జనం లాగిన్ లేకుండా ఈథర్నెట్ మీద నేరుగా ఐపీని నడిపే ఐపీవోఈ వైపు మళ్లారు. కాబట్టి ఈరోజు కొత్తగా నెట్‌వర్క్ వేసేవారు పీపీపీవోఈని ఎంచుకోవాలని నేననను. 1999లో మాత్రం అంతకు మించిన దారి ఇంటర్నెట్ సంస్థల ముందు లేదు.

మన దగ్గర 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చినప్పుడు, ఎన్నో తెలుగు ఇళ్లలో విండోస్ ఎక్స్‌పీ తెర మీద యూజర్‌నేమ్ కొట్టి ‘కనెక్ట్’ నొక్కి వాడింది ఈ ప్రోటోకాల్‌నే. ఫైబర్ వచ్చాకా అదే లాగిన్ చాలాచోట్ల రౌటర్ లోపల కొనసాగుతోంది. మీది అలాంటి కనెక్షనే అయితే, రౌటర్ మార్చే ముందు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాసి ఉంచుకోండి. కొత్తదాంట్లో ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) గడిలో 1500 ఉండి కొన్ని సైట్లు సగంలో ఆగుతుంటే, 1492 పెట్టి చూడండి.