బొగ్గు బాటకు హామీ ఎవరిది?

మన పాఠ్యపుస్తకాల్లో రైలు మార్గాల చరిత్ర సాధారణంగా ప్రారంభోత్సవాల చరిత్ర. ఫలానా సంవత్సరం ఫలానా ఊరికి రైలు వచ్చింది, దానితోపాటు నాగరికత వచ్చింది అని చెప్పి ముగిస్తారు. డబ్బు ఎవరిచ్చారు, లాభం ఎవరికి పోయింది, రైలు ఏ సరుకు కోసం వచ్చింది అన్న ప్రశ్నలు వేసేవారు తక్కువ. సింగరేణి బొగ్గును మోసిన తొలి రైలు మార్గం విషయంలో ఈ ప్రశ్నలు వేసి చూడడమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం.

ఆ మార్గం నడిపిన కంపెనీ పేరు "నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే". ఈ పేరులోని "గ్యారంటీడ్" అన్న మాట దగ్గర మనం కొంచెం ఆగాలి. చరిత్ర అంతా ఆ మాటలోనే ఉన్నది.

వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది. వాడి దగ్గర అది బొంబాయి-మద్రాసు మార్గంతో కలిసింది. సికింద్రాబాదులో ఉన్నది బ్రిటిష్ దండు. దండుకూ బొంబాయి రేవుకూ మధ్య ఇనుప దారి కావాలని బ్రిటిష్ ప్రభుత్వం కోరింది. ఖర్చు నైజాము ఖజానా భరించింది. ఇది మొదటి ఘట్టం. ఇందులో ఇంకా బొగ్గు లేదు.

బొగ్గు ఉన్నదన్న సంగతి మాత్రం అప్పటికే తెలుసు. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. అంతకు ముందే భద్రాచలం పోయే యాత్రికులు పొయ్యికి పెట్టిన నల్లరాళ్ళు వాటంతటవే రాజుకుని మండాయని ఒక కథ ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, ఒకటి మాత్రం నిజం: అడవిలో దొరికిన బొగ్గు అక్కడే ఉంటే రాయితో సమానం. ఎడ్లబండ్ల మీద బొగ్గును మద్రాసు దాకా మోస్తే కూలి ఖర్చులు గిట్టవు. బొగ్గు సరుకు కావాలంటే రైలు రావాలి. రైలు నడవాలంటే బొగ్గు కావాలి. ఒకటి లేక రెండోది లేదు. అందుచేత ఇల్లెందు గని చరిత్రనూ ఇల్లెందు రైలు చరిత్రనూ విడదీసి రాయడం వీలుకాని పని.

సాలార్‌జంగు 1883 ఫిబ్రవరిలో మరణించాడు. నిజాము మహబూబ్ అలీఖాన్‌కు ఇంకా అధికారాలు దక్కలేదు. ఆ సంవత్సరమే లండనులో ఏర్పడిన కంపెనీతో రైల్వే ఒప్పందం ఖాయమయింది. మార్గాన్ని ఒకవైపు బెజవాడకూ, మరొకవైపు చాందాకూ పొడిగించాలని పథకం. ఒప్పందంలోని కీలకం ఇది: 45 లక్షల పౌండ్ల మూలధనం మీద ఇరవై ఏళ్ళపాటు నూటికి 5 చొప్పున వడ్డీకి నైజాము ప్రభుత్వం హామీ ఇచ్చింది. పూర్తి మూలధనం మీద లెక్క కడితే ఏడాదికి 2,25,000 పౌండ్లు. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా లండను వాటాదారుకు వడ్డీ అందవలసిందే. లోటు పడితే పూడ్చవలసింది ఖజానా. ఆ ఖజానాలోకి ప్రధానంగా వచ్చేది రైతు కట్టే భూమిశిస్తు. పైగా ఆ సంవత్సరాల్లో వెండి ధర పడిపోతున్నది. రైతు కట్టేది వెండి రూపాయి, వాటాదారు తీసుకునేది బంగారు పౌను. పౌనులో మారని వడ్డీ రూపాయల్లో పెరుగుతూ పోయింది.

పెట్టుబడిదారుడు నష్టభయానికి ఓర్చుకుంటాడు గనుక లాభానికి హక్కుదారుడు అని అర్థశాస్త్ర పాఠాల్లో చెబుతారు. ఇక్కడ ఆ భయం కూడా లేదు. భయం మెదకు, నల్లగొండ, వరంగల్లు రైతుది. లాభం లండను వాటాదారుది. "గ్యారంటీడ్" అంటే ఇదీ.

దీన్ని అప్పుడే పసిగట్టి ప్రశ్నించినవారు ఉన్నారు. 1883లో చాందా రైల్వే పథకం షరతులు ప్రజలకు చెప్పాలని, చర్చ జరగాలని హైదరాబాదు విద్యావంతులు కొందరు కోరారు. వారిలో అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ముఖ్యులు. అఘోరనాథుణ్ణి ప్రభుత్వం రాజ్యం నుంచి బహిష్కరించింది. తర్వాత ఆయన తిరిగి రాగలిగాడు గాని, ఒప్పందం మాత్రం మారలేదు. సరోజినీ నాయుడు తండ్రిగానే ఆయనను మన విద్యార్థులు ఎరుగుదురు. హైదరాబాదు రాజ్యంలో విదేశీ పెట్టుబడి షరతులను బహిరంగంగా ప్రశ్నించిన తొలివారిలో ఒకడుగా కూడా ఆయనను ఎరగాలి.

రైలు 1886లో వరంగల్లు చేరింది. ఆ తర్వాత డోర్నకల్లు, అక్కడి నుంచి ఇల్లెందు గనులకు శాఖ. 1889లో ప్రధాన మార్గం బెజవాడ చేరింది. ఇల్లెందులో బొగ్గు తీయడం మొదలైందీ ఆ ఏడాదే. ఇది కాకతాళీయం కాదు. అంతవరకు దక్షిణాది రైళ్ళు అడవుల కట్టెల మీదా, ఓడల్లో వచ్చే బొగ్గు మీదా ఆధారపడ్డాయి. ఇప్పుడు ఇల్లెందు బొగ్గు బెజవాడ మీదుగా దక్షిణానికీ, వాడి మీదుగా పడమటికీ పోవడానికి దారి తెరుచుకుంది. బొగ్గుకు ముఖ్యమైన గిరాకీ కూడా రైల్వేలదే.

గని హక్కుల కథ రైలు కథకంటే ఏమంత శుభ్రమైనది కాదు. రాజ్యంలోని ఖనిజాలను వెదికి తవ్వుకునే హక్కును 1886లో వాట్సన్, స్టువార్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషువారు పొంది, లండనులో హైదరాబాదు (దక్కన్) కంపెనీని నెలకొల్పారు. మూలధనం పది లక్షల పౌండ్లు, పది పౌండ్ల వాటాలు లక్ష. అందులో 85,000 వాటాలు హక్కుదారులే పైసా చెల్లించకుండా తీసుకున్నారు. నైజాము ప్రభుత్వం చేత అసలు ధరకు మించిన ధరకు వాటాలు కొనిపించారు. కొనిపించినవాడు ప్రభుత్వ హోంకార్యదర్శి అబ్దుల్ హక్, బిరుదు సర్దార్ దిలేర్‌జంగ్. అమ్ముడుపోయిన వాటాలు అతనివేనని తర్వాత బయటపడింది. రైల్వే ఒప్పందం కోసం లండనులో బేరం నడిపినవాడూ అతనే. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ విచారణ సంఘాన్ని వేసింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. కంపెనీ మాత్రం పోలేదు. ఒక అధికారి అవినీతిగా దీన్ని చెప్పి వదిలేస్తే అసలు విషయం మరుగున పడుతుంది. స్వదేశీ భూస్వామ్య దర్బారూ, విదేశీ పెట్టుబడీ చేతులు కలిపినచోట దళారీ పుట్టక తప్పదు. అతడు పోతే మరొకడు వస్తాడు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. రైలు మార్గాలను పాలకులు తమ స్వార్థానికే వేసినా, అవి ఆధునిక పరిశ్రమకు నాంది పలుకుతాయని మార్క్స్ 1853లో రాశాడు గదా, మరి ఈ విమర్శ ఎందుకు అని మిత్రులు అడగవచ్చు. మార్క్స్ మాటను మంత్రంలా వల్లించకుండా, మన నేల మీద పరీక్షించి చూడాలని నా మనవి. పట్టాలూ, ఇంజన్లూ ఇంగ్లండు నుంచే వచ్చాయి. వరంగల్లుకు రైలు 1886లో వస్తే ఆజంజాహీ మిల్లు 1934లో, అంటే 48 ఏళ్ళకు వచ్చింది. 1883 నాటి పథకంలోని చాందా దారి, కాజీపేట-బల్లార్షా మార్గంగా 1929కి గాని పూర్తి కాలేదు. కనుక "నాంది" చాలా నిదానంగా పలికింది. కాని పలికింది. లాలాగూడ కర్మాగారంలో, కాజీపేటలో, ఇల్లెందు బాయిల్లో కొత్త మనిషి తయారయ్యాడు. పల్లెలో దొర ముందు ఒంటరిగా నిలబడిన వెట్టివాడు, బొగ్గు బాయిలో వందమందితో కలిసి తట్ట ఎత్తాడు. అదే ఘంటకు దిగి, అదే ఘంటకు ఎక్కాడు. కలిసి పనిచేసినవాడు కలిసి పని ఆపడం నేర్చుకుంటాడు. 1946లో మఖ్దూం మొహియుద్దీన్ అధ్యక్షుడుగా అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడే నాటికి, రైలుకట్టా బొగ్గు బాయీ ఆ ఉద్యమానికి బలమైన పునాదులు. ఈ ఫలితానికి మాత్రం లండను వాటాదారు హామీ కోరలేదు.

రైల్వేను 1930లో నైజాము ప్రభుత్వం కొనుక్కున్నది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా మారిన గని సంస్థలో ఆధిపత్య వాటాను 1945లో కొన్నది. ఒకసారి వడ్డీగా చెల్లించిన ప్రజాధనం, ఈసారి కొనుగోలు ధరగా వెళ్ళింది. నేడు సింగరేణిలో 51 శాతం తెలంగాణ రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఈ సంస్థ ప్రజలదే అని మనం అనేటప్పుడు, ఎవరో దానమిచ్చినందువల్ల కాదనీ, రెండుసార్లు వెల చెల్లించినందువల్లననీ గుర్తుంచుకోవాలి. ప్రైవేటు పెట్టుబడికి ప్రభుత్వం హామీ పడే ఒప్పందాలు మళ్ళీ మన ముందుకు వచ్చినప్పుడల్లా, నష్టం ఎవరి ఖాతాలో రాస్తున్నారని మొదట అడగాలి.

ఇంకొక మాట. ఈ గనుల్లోని బొగ్గు పొరలకు కింగ్ సీము, క్వీన్ సీము అని పేర్లున్నాయి. కొత్తగూడెం స్టేషనుకు గోదావరి ఆవలి పుణ్యక్షేత్రం పేర "భద్రాచలం రోడ్డు" అని పెట్టారు. భూగర్భ శాస్త్రజ్ఞుడి పేరు నిలిచింది, దేవుడి పేరు నిలిచింది. కట్ట పోసినవాడి పేరు, బాయి దిగినవాడి పేరు ఏ బోర్డు మీదా లేదు. కంపెనీ కాగితాలు కంపెనీ కథే చెబుతాయి. రెండో కథ ఇల్లెందు, డోర్నకల్లు, కాజీపేట కార్మికవాడల్లోని ముసలివారి జ్ఞాపకాల్లో ఇంకా కొంత మిగిలి ఉన్నది. చరిత్ర విద్యార్థులు సెలవుల్లో ఆ వాడలకు పోయి, తాత తండ్రులు ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ కూలికి దిగారో, ఏ సమ్మెలో నిలిచారో అడిగి రాసుకోవాలి. ఆ పని వాయిదా వేసిన కొద్దీ చెప్పేవారు తగ్గిపోతారు.