అమెరికాలో ఫ్యూనరల్ హోమ్: చరిత్ర, పరిణామం

ఫ్యూనరల్ హోమ్ అంటే మరణించినవారి భౌతికకాయాన్ని ఇంటి నుంచో ఆసుపత్రి నుంచో తీసుకువెళ్లి, భద్రపరచి, కడసారి చూపుకు ఏర్పాట్లు చేసి, ఖననమో దహనమో పూర్తయ్యేదాకా కావలసిన పనులను రుసుము మీద నడిపించే సంస్థ. మరణ నమోదు, దహనానికి అనుమతి వంటి కాగితాల పని కూడా దీనిదే. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఇది 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో రూపుదిద్దుకుంది. ఇల్లూ ఇరుగుపొరుగూ చేసుకునే పనులు ఒక్కొక్కటిగా వృత్తిదారుల చేతికి వెళ్లడం ఈ చరిత్రలో మొదటి సగం. వాటిలో ఏది కావాలో ఏది వద్దో తేల్చుకునే హక్కు చట్టం ద్వారా కుటుంబానికి దక్కడం రెండో సగం.

తొలి రోజులు

19వ శతాబ్దం మధ్య వరకు అమెరికాలో చావు ఇంటి వ్యవహారమే. ఇంటి ఆడవాళ్లు, పొరుగు స్త్రీలు శవానికి స్నానం చేయించి, మంచి బట్టలు తొడిగి ముందు గదిలో పడుకోబెట్టేవారు. రాత్రంతా ఎవరో ఒకరు పక్కన మేలుకుని ఉండేవారు. శవపేటికను ఊళ్లో బల్లలూ బీరువాలూ చేసే వడ్రంగి చేసిచ్చేవాడు. బండి గుర్రాలశాల యజమాని నుంచి అద్దెకు వచ్చేది. ఈ వడ్రంగుల్లో కొందరు క్రమంగా పేటికతో పాటు బండినీ మనుషులనూ సమకూర్చసాగారు. తర్వాతి కాలంలో చాలా ఊళ్లలో ఫర్నిచర్ దుకాణం, అంత్యక్రియల వ్యాపారం ఒకే కుటుంబం చేతిలో ఉండటానికి కారణం ఇదే.

అంతర్యుద్ధం, ఎంబామింగ్

ఈ పద్ధతిని మార్చింది 1861-65 నాటి అంతర్యుద్ధం. దక్షిణాన చనిపోయిన సైనికుల దేహాలను ఉత్తరాది కుటుంబాలు ఇంటికి రప్పించుకోవాలనుకున్నాయి. రైళ్లలో రోజుల తరబడి సాగే ప్రయాణానికి మంచు గడ్డలు సరిపోలేదు. రక్తనాళాల్లోకి రసాయనాలు ఎక్కించి శవం చెడకుండా ఆపే ఎంబామింగ్‌కు అలా గిరాకీ పుట్టింది. అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌కు ఆప్తుడైన కల్నల్ ఎల్మర్ ఎల్స్‌వర్త్ 1861 మే 24న వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో హతుడైనప్పుడు థామస్ హోమ్స్ ఆయన దేహాన్ని ఎంబామ్ చేశాడు. యుద్ధకాలంలో తాను నాలుగు వేలకు పైగా దేహాలను ఇలా భద్రపరిచానని హోమ్స్ తర్వాత చెప్పుకున్నాడు. యుద్ధభూముల వెంట డేరాలు వేసుకున్న ఎంబామర్లపై ఫిర్యాదులు పెరగడంతో, 1865 మార్చిలో యుద్ధ శాఖ వారికి లైసెన్సు తప్పనిసరి చేసింది.

అదే ఏడాది ఏప్రిల్ 15న లింకన్ మరణించాడు. ఎంబామ్ చేసిన ఆయన దేహం వాషింగ్టన్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా సుమారు 1,650 మైళ్లు ప్రత్యేక రైలులో వెళ్లింది. దారి పొడవునా లక్షల మంది చూశారు. అంతవరకు అనుమానంగా చూసిన ఎంబామింగ్‌ను జనం ఆమోదించడానికి ఈ యాత్ర ఎంతగానో తోడ్పడింది. మొదట్లో వాడిన ద్రావణాల్లో ఆర్సెనిక్ ఉండేది. 20వ శతాబ్దం ఆరంభానికి ఆ స్థానంలోకి ఫార్మాల్డిహైడ్ వచ్చింది.

వృత్తిగా స్థిరపడటం

1882లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో జాతీయ ఫ్యూనరల్ డైరెక్టర్ల సంఘం ఏర్పడింది. అదే ఏడాది సిన్సినాటిలో ఎంబామింగ్ బోధించే పాఠశాల మొదలైంది. తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటిగా లైసెన్సు చట్టాలు చేశాయి. 20వ శతాబ్దంలో మరణాలు ఇళ్ల నుంచి ఆసుపత్రులకు మారాయి. పట్టణాల్లో ఇళ్లు చిన్నవయ్యాయి. పెద్ద పాత భవంతిని కొని, కింద కడసారి చూపు గదులు, పై అంతస్తులో యజమాని కాపురం ఉండే ఫ్యూనరల్ హోమ్ ఈ దశలోనే ఊరూరా వెలిసింది.

జాతి వివక్ష కాలంలో నల్లజాతివారి అంత్యక్రియలను నల్లజాతి యజమానుల సంస్థలే ఎక్కువగా చూసేవి. 1955 ఆగస్టులో మిసిసిపీలో దారుణ హత్యకు గురైన 14 ఏళ్ల ఎమెట్ టిల్ దేహాన్ని చికాగోలోని ఎ.ఎ. రేనర్ సంస్థ స్వీకరించింది. పేటిక తెరిచే ఉంచాలని తల్లి మేమీ టిల్ పట్టుబట్టింది. వేల మంది చూసిన ఆ ముఖం పౌరహక్కుల ఉద్యమానికి ఊపునిచ్చింది.

దహనం

అమెరికాలో మొదటి ఆధునిక దహనవాటికను 1876లో పెన్సిల్వేనియాలోని వాషింగ్టన్ పట్టణంలో డాక్టర్ ఫ్రాన్సిస్ జూలియస్ లెమోయిన్ తన స్థలంలో కట్టించాడు. శ్మశానాలు తాగునీటిని పాడుచేస్తాయన్నది ఆయన ఆందోళన. ఆ ఏడాది డిసెంబరు 6న అక్కడ మొదట దహనమైనది దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు బారన్ డి పామ్ దేహం. ఆయన మే నెలలోనే న్యూయార్క్‌లో చనిపోయాడు. దహనవాటిక సిద్ధమయ్యేదాకా దేహాన్ని రసాయనాలతోనే నిలబెట్టాల్సి వచ్చింది. ఆ కార్యక్రమాన్ని నడిపించిన దివ్యజ్ఞాన సమాజ సహ వ్యవస్థాపకుడు హెన్రీ స్టీల్ ఆల్కాట్ తర్వాత మద్రాసులోని అడయారులో స్థిరపడి, 1907లో మరణించాక అక్కడే దహనమయ్యాడు.

కేథలిక్ చర్చి 1886లో దహనాన్ని నిషేధించి, 1963లో ఆ నిషేధాన్ని సడలించింది. 1960లో అమెరికాలో మరణించినవారిలో దహనమైనవారు నాలుగు శాతం లోపే. 2016కు అది సగం దాటింది. ఖర్చు తక్కువ కావడం, మతపరమైన పట్టింపులు సడలడం, కుటుంబాలు సొంత ఊళ్లకు దూరమవడం ఇందుకు ముఖ్య కారణాలు.

విమర్శ, చట్టం

1963లోనే జెస్సికా మిట్‌ఫోర్డ్ రాసిన 'ది అమెరికన్ వే ఆఫ్ డెత్' వెలువడింది. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఖరీదైన పేటికలు, అక్కర్లేని ఎంబామింగ్ అంటగడుతున్నారని ఆమె లెక్కలతో చూపింది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన ఫ్యూనరల్ రూల్ 1984లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్వయంగా వచ్చి అడిగిన ఎవరికైనా అంశాలవారీ ధరల జాబితాను చేతికివ్వాలి. ఫోన్‌లో అడిగినా ధర చెప్పాలి. చట్టం కోరనిచోట ఎంబామింగ్ తప్పనిసరి అని చెప్పకూడదు. కడసారి చూపు లేకుండా నేరుగా జరిపే దహనానికి పేటిక కొనాలనకూడదు. అట్టపెట్టెలాంటి సాదా పెట్టె అందుబాటులో ఉంచాలి. బయట కొన్న పేటికను కాదనకూడదు. 1994 సవరణ ఆ పేటికకు విడిగా రుసుము వేయడాన్నీ నిషేధించింది. ఫ్యూనరల్ హోమ్ తన మూల సేవల కింద వసూలు చేసే రుసుము ఒక్కటే కుటుంబం వద్దనడానికి వీల్లేనిది. ముందస్తుగా మాట్లాడుకుని డబ్బు కట్టే ఒప్పందాలను మాత్రం ప్రధానంగా రాష్ట్రాల చట్టాలు నియంత్రిస్తాయి.

తెలుగువారు

అమెరికాలోని తెలుగు హిందూ కుటుంబాలు సాధారణంగా దహనాన్నే ఎంచుకుంటాయి. చాలా రాష్ట్రాల్లో అనుమతి పత్రంతో పాటు మరణించాక కనీసం 24 లేదా 48 గంటలు ఆగాలన్న నియమం ఉంది. దూరాన ఉన్న బంధువులు చేరుకునేదాకా దేహాన్ని శీతల గదిలో ఉంచుతారు. పురోహితుడు హాలులోనే మంత్రాలు చెప్పి, పూలు, తులసి, గంగాజలం వేయిస్తారు. పేస్‌మేకర్ ఉంటే కొలిమిలో పేలకుండా ముందే తొలగిస్తారు. తలకొరివికి బదులు కర్త కొలిమి మీట నొక్కే పద్ధతి వాడుకలోకి వచ్చింది. సుమారు 760 నుంచి 980 డిగ్రీల సెల్సియస్ వేడిలో దహనానికి రెండు మూడు గంటలు పడుతుంది. మిగిలిన ఎముకలను యంత్రంలో పొడిచేసి ఇవ్వడం అక్కడి అలవాటు. అస్థికలు విడిగా కావాలంటే ఏర్పాట్లు మాట్లాడుకునేటప్పుడే చెప్పాలి.

దేహాన్ని స్వదేశానికి పంపాలంటే మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ ధ్రువపత్రం, రద్దుచేసిన పాస్‌పోర్టు, భారత కాన్సులేట్ అనుమతి కావాలి. ఆ పత్రాలను ఫ్యూనరల్ హోమ్ సమకూరుస్తుంది. తానా వంటి తెలుగు సంఘాలు కుటుంబానికి తోడు నిలుస్తాయి. గోదావరిలోనో కృష్ణలోనో నిమజ్జనానికి అస్థికలను విమానంలో చేతి సామానుగా తీసుకువెళ్లవచ్చు. కాకపోతే వాటిని చెక్క లేదా ప్లాస్టిక్ పాత్రలో పెట్టుకోవడం మేలు. ఎక్స్-రే చొరబడని కలశాన్ని అమెరికా విమానాశ్రయాల భద్రతా సిబ్బంది లోపలికి అనుమతించరు.