సర్వనామార్థం: 1981కి ముందున్న కథ

సర్వనామాల అర్థం గురించి పాఠ్యగ్రంథాలు చెప్పే కథ ఒకటే. తర్కవేత్తలు వాటిని చలరాశులన్నారు. 1962లో పీటర్ గీచ్ గాడిద వాక్యంతో చిక్కు పెట్టాడు. 1981లో హాన్స్ కాంప్, 1982లో ఐరీన్ హైమ్ ఎవరికి వారే ఆ చిక్కు విప్పారు. తేదీలు సరైనవే. నడిమి ఇరవయ్యేళ్లే మాయమయ్యాయి. (ఆ గాడిద కూడా గీచ్ సొంతం కాదు, 14వ శతాబ్దంలో వాల్టర్ బర్లీ ఇలాంటి వాక్యాన్నే చర్చించాడు.)

ఆ వాక్యం ఇది: 'గాడిద ఉన్న ప్రతి రైతూ దాన్ని కొడతాడు.' ఇందులో 'దాన్ని' ఫలానా గాడిదను చూపదు. చలరాశి అందామంటే, దాన్ని బంధించాల్సిన 'గాడిద' పరిధి 'ఉన్న' దగ్గరే ముగిసిపోతుంది.

1969లో స్వీడన్‌లో జరిగిన ఒక సదస్సులో లౌరి కార్టునెన్ ఈ ప్రశ్ననే మరో వైపు నుంచి పట్టుకున్నాడు. పాఠం చదివే యంత్రం ఒకటుంటే, కథలోకి కొత్త వ్యక్తి ఎప్పుడు వచ్చాడో దానికెలా తెలియాలి? 'రవి కారు కొన్నాడు. అది నల్లగా ఉంది' అనవచ్చు. 'రవి కారు కొనలేదు' అన్నాక 'అది నల్లగా ఉంది' అనలేం. అంటే నామపదం ప్రసంగంలో ఒక వ్యక్తిని నిలబెడుతుంది. వ్యతిరేక క్రియ ఆ వ్యక్తి ఆయుష్షును కుదిస్తుంది. హైమ్ సిద్ధాంతానికి బీజం ఇదే. సత్యనియమాలతో సహా పూర్తి నిర్మాణం కార్టునెన్ ఇవ్వలేదు, ఆ ఘనత కాంప్, హైమ్‌లదే. అయినా ఇది పాదసూచికలో సరిపెట్టాల్సిన విషయం కాదు.

గారెత్ ఎవాన్స్‌కూ అన్యాయమే జరిగింది. 1977లో అతను 'దాన్ని' దేన్ని చూపుతుందో 'అతనికున్న ఆ గాడిద' అనే వర్ణన తేలుస్తుందన్నాడు. రైతుకు రెండు గాడిదలుంటే ఏది? ఈ ఆక్షేపణతో అతను ఓడిపోయాడని రాస్తారు. కానీ 1990లో హైమ్ తానే ఆ దారిని మళ్లీ పరిశీలించింది. 2005లో పాల్ ఎల్బోర్న్ దాని మీద పుస్తకమే రాశాడు. ఈ దారికి అసలు గట్టి అడ్డంకి బార్బరా పార్టీ గోళీలది. పది గోళీల్లో 'ఒకటి తప్ప అన్నీ దొరికాయి' అన్నాక 'అది సోఫా కింద ఉండొచ్చు' అంటే నప్పుతుంది. 'తొమ్మిది దొరికాయి' అన్నాక నప్పదు. జరిగింది ఒకటే, మాటలే వేరు. వర్ణనే చాలితే రెండు చోట్లా 'అది' నప్పాలి. వర్ణనవాదులు దీనికి చెప్పే సమాధానాలేవీ నాకు తృప్తినివ్వలేదు.

ఇప్పుడు కాంప్-హైమ్ పక్షం, వర్ణనవాద పక్షం రెండూ ఒకరి పనిముట్లు ఒకరు అరువు తెచ్చుకుని, ఏ వాక్యమూ ఎవరినీ ఓడించలేని చోటికి చేరాయి. దీన్ని ప్రగతి అనడానికి నాకు నోరు రాదు. ఈలోగా మరో రకం వాక్యాలు పక్కనే ఉండిపోయాయి. 'తాను గెలిచానని రవి అన్నాడు' అన్నప్పుడు కర్త 'తాను', క్రియ మాత్రం ఉత్తమ పురుషలో ఉంది, అయినా అది చూపేది రవినే. 'నేను' ఎప్పుడూ మాట్లాడేవాడినే చూపుతుందన్న డేవిడ్ కాప్లాన్ సూత్రం వైపు నుంచి చూస్తే ఈ క్రియారూపం ఇబ్బందికరమే. ఇలాంటి తెలుగు, అమ్హారిక్ వాక్యాల మీద చర్చ సాగుతోంది. కానీ గాడిదల మాదిరిగా అవి పునాదిలోకి రాలేదు. ఇంకా అనుబంధాల్లోనే ఉన్నాయి.