లాల్‌బాగ్: పూల పండుగ వెనుక పది నెలల పాఠం

హిందూపురం: జనవరి, ఆగస్టు నెలలు వచ్చాయంటే బెంగళూరు వెళ్లే రైళ్లలో, బస్సుల్లో లాల్‌బాగ్ మాట వినిపిస్తుంది. గణతంత్ర, స్వాతంత్య్ర దినోత్సవాల సందర్భంగా అక్కడ జరిగే ఫలపుష్ప ప్రదర్శనను తిలకించేందుకు హిందూపురం, మడకశిర, పెనుకొండ ప్రాంతాల నుంచి కుటుంబ సమేతంగా వెళ్లేవారున్నారు. గాజు భవనం ముందు ఫొటో దిగి, రెండు గులాబీ మొక్కలు కొనుక్కుని సాయంత్రం రైలుకు తిరుగుముఖం పట్టేవారే వారిలో ఎక్కువ. ఆ పది రోజుల సందడి వెనుక ఏడాది పొడవునా సాగే శిక్షణ, నారు పెంపకం, అంటు కట్టే పని చాలామంది కంట పడవు. పూల సాగు, పండ్ల తోటలపై ఆధారపడిన సరిహద్దు మండలాల వారికి అసలు ఉపయోగపడేది మాత్రం అదే.

శిర తోటే స్ఫూర్తి

లాల్‌బాగ్‌కు 1760లో హైదర్ అలీ శ్రీకారం చుట్టాడు. మడకశిరకు పొరుగునే ఉన్న శిరలో మొగలుల కాలంలో వెలసిన తోటను చూసి ఆయన ముచ్చటపడ్డాడని, అదే ఈ ఉద్యానానికి స్ఫూర్తి అని చరిత్రకారులు చెబుతారు. శిర తోట కాలగర్భంలో కలిసిపోయింది. దాన్ని చూసి వేసిన తోట 240 ఎకరాలకు విస్తరించి దేశంలోని ప్రముఖ ఉద్యానాల్లో ఒకటిగా నిలిచింది. హైదర్ తర్వాత టిప్పు సుల్తాన్ దేశవిదేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించి ఇక్కడ నాటించాడు. తోటను కంటికి రెప్పలా కాపాడింది తిగళ కులస్థులు. బెంగళూరు కరగ ఉత్సవాన్ని నిర్వహించేదీ వీరే. లాల్‌బాగ్‌ను ఆనుకుని ఉన్న సిద్ధాపురలో నేటికీ నర్సరీల వరుస కనిపిస్తుంది.

1856లో ఇది ప్రభుత్వ వృక్షోద్యానంగా మారింది. 1874 నుంచి 1908 వరకు పర్యవేక్షకుడిగా ఉన్న జాన్ కామెరాన్ బయటి దేశాల పంటలను తెప్పించి, ఈ నేలకు, ఈ వాతావరణానికి తట్టుకుంటాయో లేదో చూసి రైతులకు పంచే పనిని ఉద్యమంలా సాగించాడు. మన వంటింట్లో సాంబారులోకి, కూటులోకి వాడే బెంగళూరు వంకాయ అలా వచ్చినదేనని చెబుతారు. కొందరు సీమ వంకాయ అంటారు, కన్నడిగులు సీమె బదనేకాయి అంటారు. మెక్సికో ప్రాంతపు తీగకు తెలుగు నోట బెంగళూరు పేరు స్థిరపడిందంటే ఆ తోట ప్రభావం ఎంతటిదో ఊహించవచ్చు.

గాజు భవనానికి 1889లో బ్రిటిష్ యువరాజు ఆల్బర్ట్ విక్టర్ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ పోలికలో దీన్ని ఇనుము, గాజుతో నిర్మించారు. 1935లో తూర్పు దిశగా పొడిగించారు. పూల ప్రదర్శనకు వేదిక ఇదే.

నెలకో పూత

కామెరాన్ తర్వాత 1908లో బాధ్యతలు చేపట్టిన జర్మన్ ఉద్యాన నిపుణుడు క్రుంబీగల్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి, బరోడా సంస్థానం మీదుగా మైసూరు కొలువుకు వచ్చిన ఆయన 1932 వరకు ఇక్కడే సేవలందించాడు. ఒక చెట్టు పూత రాలేసరికి మరో జాతి చెట్టు పూతకు రావాలన్నది ఆయన ఆలోచన. అందుకు తగినట్లు జాతులను ఎంపిక చేసి నగర వీధుల్లో వరుసలుగా నాటించాడు. ఏడాది ఆరంభంలో టబేబుయా గులాబీ, పసుపు రంగుల్లో విరగబూస్తుంది. వేసవి తొలినాళ్లలో జకరండా ఊదా పూలు, ఆ వెంటనే రేల పసుపు గుత్తులు, ఎర్ర తురాయి, వర్షాలు వెనుదిరిగాక ఆకాశమల్లె వస్తాయి. బెంగళూరు వీధుల్లో ఏ నెలలో వెళ్లినా ఏదో ఒక చెట్టు పూతతో కనిపించడం వెనుక ఈ ప్రణాళిక ఉంది. మన మున్సిపాలిటీలు రహదారి విభాగినుల్లో ఒకే జాతి మొక్కను కిలోమీటర్ల కొద్దీ నాటి ఊరుకోవడం చూసినప్పుడు, నూరేళ్ల క్రితపు ఈ ఆలోచన విలువ అర్థమవుతుంది.

1912లో మైసూరు ఉద్యానకళా సంఘం ఏర్పడటంలోనూ క్రుంబీగల్ పాత్ర ఉంది. పుష్ప ప్రదర్శనలను ఉద్యానశాఖతో కలిసి నిర్వహిస్తున్నది ఈ సంఘమే. 1932లో క్రుంబీగల్ స్థానంలోకి వచ్చిన హెచ్.సి.జవరాయ ఈ బాధ్యత చేపట్టిన తొలి భారతీయుడు. ఆ తర్వాతి కాలంలో ఎం.హెచ్.మరిగౌడ లాల్‌బాగ్‌ను దాటి కర్ణాటక గ్రామాలకు ఉద్యాన క్షేత్రాలను, నర్సరీలను తీసుకెళ్లారు. వానాధారపు భూముల్లో పండ్ల తోటలు వేయించాలన్నది ఆయన పట్టుదల. కరవు ప్రాంత రైతులు తెలుసుకోదగిన పేరిది.

ప్రదర్శన ఎలా తయారవుతుందంటే...

సందర్శకులకు పది, పదకొండు రోజుల వేడుకగా కనిపించే ప్రదర్శనకు తోటమాలులు మూడు, నాలుగు నెలల ముందే నారు పోస్తారు. బంతి, పెటూనియా, సాల్వియా, ఫ్లాక్స్, డాలియా వంటివి సరిగ్గా ప్రారంభం రోజుకు పూతకు రావాలి. వారం ముందు విచ్చుకుంటే చివరికి వాడిపోతాయి, వారం ఆలస్యమైతే కుండీల్లో ఆకులే మిగులుతాయి. అందుకే విత్తే తేదీలను విడతలుగా విభజిస్తారు. జనవరి చలి ఈ మొక్కలకు అనుకూలం. ఆగస్టులో ముసురు పట్టిందంటే రేకులు కుళ్లిపోతాయి, కుండీల్లో నీరు నిలుస్తుంది. రెండు ప్రదర్శనల్లో ఆగస్టుదే తోటమాలికి అసలు పరీక్ష.

గాజు భవనం మధ్యలో ఏటా ఒక ఇతివృత్తంతో భారీ పూల నిర్మాణాన్ని నిలబెడతారు. ఇనుప చట్రానికి నీటిని పీల్చుకునే మెత్తటి దిమ్మెలను బిగించి, వాటిలో గులాబీ, చామంతి పూలను కాడలతో గుచ్చుతారు. పూలు ఎన్ని రోజులో నిలవవు కాబట్టి మధ్యలో ఒకసారి మార్చాల్సి వస్తుంది. కరోనా కారణంగా నిలిచిపోయిన ప్రదర్శన 2022 ఆగస్టులో తిరిగి మొదలైనప్పుడు కన్నడ నటులు రాజ్‌కుమార్, పునీత్ రాజ్‌కుమార్‌లకు అంకితం చేశారు. అభిమానులు లక్షల్లో తరలివచ్చారు. 2023 ఆగస్టులో కెంగల్ హనుమంతయ్య, విధానసౌధ, 2024 ఆగస్టులో అంబేడ్కర్, 2025 జనవరిలో వాల్మీకి ఇతివృత్తాలుగా నిలిచారు. ఇప్పటి వరకు జరిగిన ప్రదర్శనల సంఖ్య 200 దాటింది.

జనం ఎగబడేది గాజు భవనానికే అయినా, మరిగౌడ స్మారక భవనంలో జరిగే పోటీలు చూడకుండా రాకూడదు. జపాను పద్ధతి పూల అమరిక ఇకెబన, బోన్సాయ్, కూరగాయలపై చెక్కడాలు, కొబ్బరాకు అల్లికలు అక్కడ కొలువుదీరుతాయి. వీటిలో పాల్గొనేవారిలో గృహిణులు అధికం. ప్రదర్శనకు ముందే న్యాయనిర్ణేతలు నగరంలో పోటీకి దిగిన ఇంటి తోటలను, సంస్థల ఆవరణలను స్వయంగా పరిశీలించి బహుమతులు నిర్ణయిస్తారు. మిద్దె తోటల పెంపకం, బోన్సాయ్, పూల అమరికలపై స్వల్పకాలిక తరగతులు కూడా నిర్వహిస్తుంటారు.

రైతుల పిల్లలకు శిక్షణ

లాల్‌బాగ్ తరగతుల్లో అన్నింటికన్నా విలువైనది కర్ణాటక ఉద్యానశాఖ రైతుల పిల్లలకు ఇస్తున్న పది నెలల శిక్షణ. ఆ రాష్ట్రంలోని మరికొన్ని కేంద్రాల్లోనూ ఇది ఉంది. మే నెలలో మొదలై మరుసటి ఏడాది ఫిబ్రవరి వరకు సాగుతుంది. అభ్యర్థులకు నెలనెలా భృతి చెల్లిస్తారు. నారుమడి తయారీ, అంటు కట్టడం, కొమ్మ కత్తిరింపులు, పచ్చిక పెంపకం, ఎరువులు, తెగుళ్ల నివారణ నేర్పుతారు. తరగతి గది కన్నా మడిలో గడిపే సమయమే అధికం.

ఈ పది నెలల లెక్కను గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. మేలో చేరినవారు వానాకాలపు నాట్లు, ఆగస్టు ప్రదర్శన, చలికాలపు నారు, జనవరి ప్రదర్శన, ఆ తర్వాతి కత్తిరింపులు అన్నీ ఒకే ఏడాదిలో చూడగలుగుతారు. శిక్షణ ముగిసిన యువకులకు నర్సరీలు, హోటళ్లు, విద్యాసంస్థల తోటలు ఉపాధి చూపుతాయి. సొంత నర్సరీ పెట్టుకునే అవకాశమూ ఉంది.

అయితే ఈ శిక్షణ కర్ణాటక రైతు కుటుంబాలకే పరిమితం. సరిహద్దుకు ఇవతల ఉన్నవారు నిరాశ చెందనక్కర్లేదు. డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలో మడకశిరలో ఉద్యాన పాలిటెక్నిక్ ఉంది. పదో తరగతి ఉత్తీర్ణులు అక్కడ రెండేళ్ల డిప్లొమా చదువుకోవచ్చు. లాల్‌బాగ్‌కు విహారయాత్రకు వెళ్లి వచ్చే పాఠశాలలు ఈ కబురును కూడా పిల్లల చెవిన వేస్తే బాగుంటుంది.

మామిడి సంత

వేసవిలో లాల్‌బాగ్‌కు మరో సందడి తోడవుతుంది. మామిడి, పనస మేళాలో రైతులు దళారుల ప్రమేయం లేకుండా నేరుగా పండ్లు అమ్ముకుంటారు. కార్బైడ్ వాడకుండా మాగబెట్టిన పండ్లన్నది ఇక్కడి ప్రత్యేకత. బాదామి, రసపురి, సెందూర, మల్లిక రకాలతో పాటు మన బంగినపల్లి కూడా రాశులుగా కనిపిస్తుంది. కోలారు జిల్లా శ్రీనివాసపుర నుంచి వచ్చే రైతుల్లో ఇంట తెలుగు మాట్లాడేవారు అనేకులు. బేరం తెలుగులోనే సాగించవచ్చు.

ముప్పు తప్పేనా?

పేరు పెరిగేకొద్దీ తోటపై ఒత్తిడీ పెరుగుతోంది. 1860 ప్రాంతంలో ఉద్యాన విద్యపై ఉపన్యాసాల కోసం కట్టిన మందిరానికి తర్వాతి కాలంలో క్రుంబీగల్ పేరు పెట్టారు. మరమ్మతులకు నోచుకోక అది 2017లో కూలిపోయింది. పాఠాలు చెప్పిన కట్టడానికే ఈ గతి పట్టడం విచారకరం. హెబ్బాళ నుంచి సిల్క్‌బోర్డు వరకు ప్రతిపాదించిన సొరంగ రహదారికి లాల్‌బాగ్ స్థలాన్ని కొంత వాడుకోవాలన్న ప్రణాళికపై 2025లో నడక మిత్రులు, పర్యావరణవేత్తలు నిరసనకు దిగారు. తోటలోని కొండరాయి 300 కోట్ల ఏళ్ల నాటిదని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. దానిపైనే కెంపేగౌడ గోపురం ఉంది. అలాంటి రాతికి సమీపంలో తవ్వకాలేమిటన్నది నిరసనకారుల ప్రశ్న.

వెళ్లేవారికి

2017 నుంచి మెట్రో ఆకుపచ్చ మార్గంలో లాల్‌బాగ్ స్టేషన్ అందుబాటులో ఉంది. మెజెస్టిక్‌లో దిగినవారు బస్సు కోసం నిరీక్షించకుండా మెట్రో ఎక్కవచ్చు. ప్రదర్శన రోజుల్లో శని, ఆదివారాలు, సెలవు దినాలు వదిలి మామూలు రోజు ఉదయం వెళ్తే పూలు తాజాగా ఉంటాయి, పిల్లలతో తొక్కిసలాట బెడద ఉండదు. ప్లాస్టిక్ సంచులను లోనికి అనుమతించరు కనుక గుడ్డ సంచి వెంట ఉండాలి. లోపల నర్సరీదారుల సహకార సంఘం విక్రయ కేంద్రంలో పండ్ల, పూల మొక్కలు దొరుకుతాయి. అంటు మొక్క కొనేటప్పుడు అతుకు గట్టిపడిందో లేదో, దాని కింది నుంచి చిగుర్లు వస్తున్నాయేమో చూసుకోవాలి. ఇంటికి తెచ్చిన మొక్కను వెంటనే ఎండలో నాటకుండా వారం, పది రోజులు నీడపట్టున ఉంచి, సాయంత్రం వేళ నాటితే బతుకుతుంది.