మిక్సింగ్ కన్సోల్ కేబుల్ - స్వయంనిర్మాణ చరిత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

శబ్దగ్రహణ సాంకేతికతపై వచ్చిన చరిత్ర రచనల్లో మైక్రోఫోను, టేపు, కన్సోల్ వంటి పరికరాలకు దక్కిన స్థానం, వాటిని కలిపే కేబుల్‌కు దక్కలేదు. మిక్సింగ్ కన్సోల్‌కు కావలసిన కేబుళ్ళను వినియోగదారులే స్వయంగా తయారుచేసుకొనే ఆచారాన్ని కేవలం పొదుపుగా భావించడం సరికాదని, ప్రమాణాలు లేని కాలంలో పరికరాల మధ్య పొందిక కుదిర్చిన శ్రమగా దానిని గుర్తించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మిక్సింగ్ కన్సోల్, కేబుల్, సమతుల్య వలయం, టంకం, ప్రమాణీకరణ, వినియోగ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

సాంకేతికత చరిత్ర చాలాకాలం ఆవిష్కర్తల చరిత్రగానే సాగింది. డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువరించిన ‘ద షాక్ ఆఫ్ ది ఓల్డ్’ గ్రంథం, ఆవిష్కరణ కంటే వినియోగానికి, మరమ్మతుకు, నిర్వహణకు ప్రాధాన్యం ఇవ్వాలని వాదించింది. ఆ దృష్టితో చూసినప్పుడు కేబుల్ ఒక ముఖ్యమైన ఆకరం అవుతుంది. దాని రెండు చివర్లలో ఏ తీగను ఏ పిన్‌కు కలిపారో చూస్తే, అది ఏ పరికరాలను కలిపిందో, వాటి మధ్య ఏ విభేదం ఉండేదో ఊహించవచ్చు.

2. టెలిఫోన్ వారసత్వం

నేటి స్టూడియో కేబుల్ లక్షణాలు చాలావరకు టెలిఫోన్ నుంచి సంక్రమించినవే. తొలి టెలిఫోన్ లైన్లు టెలిగ్రాఫ్ పద్ధతిలో ఒకే తీగతో, భూమినే తిరుగుమార్గంగా చేసుకొని నడిచేవి. పక్కనున్న టెలిగ్రాఫ్ తీగల్లోని సంకేతాలు సంభాషణలోకి చొరబడేవి. దీనికి పరిష్కారంగా రెండు తీగలను పురిపెట్టి వాడే పద్ధతికి అలెగ్జాండర్ గ్రహంబెల్ 1881లో పేటెంటు పొందాడు. పురి వల్ల బయటి ప్రేరణ రెండు తీగలపైనా దాదాపు సమానంగా పడుతుంది. గ్రాహకం ఆ రెండింటి మధ్య భేదాన్ని మాత్రమే స్వీకరిస్తుంది కనుక, ఉమ్మడిగా వచ్చిన రొద రద్దవుతుంది. కన్సోల్‌లోని సమతుల్య వలయానికి ఇదే మూలసూత్రం.

‘జాక్’ అనే మాట కూడా అక్కడిదే. టెలిఫోన్ స్విచ్‌బోర్డు కోసం చార్లెస్ స్క్రిబ్నర్ రూపొందించిన స్విచ్ మడతకత్తిని పోలి ఉండటంతో దానికి ‘జాక్‌నైఫ్’ అన్న పేరు వచ్చింది. స్విచ్‌బోర్డులో ఆపరేటర్లు వాడిన 6.35 మిల్లీమీటర్ల ప్లగ్, స్టూడియో పాచ్‌బేలకు, ఆపైన గిటారు ఆంప్లిఫయర్లకు చేరింది. మన మైకుసెట్టు దుకాణాల్లో నేటికీ వినిపించే ‘జాక్’కు ఇంత వెనుకటి చరిత్ర ఉంది.

3. మూడు పిన్‌లు, రెండు సంప్రదాయాలు

జేమ్స్ కానన్ 1915లో లాస్ ఏంజెలెస్‌లో స్థాపించిన సంస్థ నుంచి 1950ల దశకంలో వచ్చిన ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టరు, మైక్రోఫోన్ కేబుల్‌కు స్థిరమైన రూపం ఇచ్చింది. అయితే రూపం స్థిరపడినంత మాత్రాన అర్థం స్థిరపడలేదు. ఒకటవ పిన్ కవచానికి అని అందరూ అంగీకరించినా, ధన ధ్రువత రెండవ పిన్‌దా, మూడవ పిన్‌దా అన్న విషయంలో తయారీదారులు చీలిపోయారు. అనేక అమెరికన్ పరికరాలు మూడవ పిన్‌ను, ఇతరులు రెండవ పిన్‌ను ఎంచుకున్నారు.

ఈ భేదం పైకి కనిపించేంత చిన్నది కాదు. ఒకే వాద్యం ముందు రెండు మైక్రోఫోన్లు ఉండి, వాటిలో ఒకదాని ధ్రువత తారుమారైతే, కన్సోల్‌లో ఆ రెండు సంకేతాలను కలిపినప్పుడు మంద్రస్థాయి నాదం పరస్పరం రద్దై బలహీనపడుతుంది. దీనిని నివారించడానికి ఇంజనీరు ఒక చివర రెండు, మూడు పిన్‌ల తీగలను తారుమారు చేసి టంకం పెట్టేవాడు. అటువంటి కేబుల్‌కు గుర్తు పెట్టకపోతే, అది మరొకరి చేతిలో కొత్త దోషానికి కారణమయ్యేది. ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ ఏఈఎస్14-1992 ప్రమాణం ద్వారా రెండవ పిన్‌ను ధన ధ్రువంగా నిర్ధారించేదాకా ఈ సర్దుబాటు భారం కేబుల్ తయారుచేసేవారిపైనే ఉండిపోయింది.

4. గృహ స్టూడియోలు - విస్తరించిన శ్రమ

1979లో టియాక్ సంస్థ విడుదల చేసిన పోర్టాస్టూడియో, 1991లో వచ్చిన మాకీ సీఆర్-1604 వంటి పరికరాలు రికార్డింగును ఇళ్ళలోకి తెచ్చాయి. పెద్ద స్టూడియోలో నిర్వహణ సిబ్బంది చేసే పని ఇక్కడ సంగీతకారుడి మీద పడింది. కన్సోల్‌లోని ఇన్సర్ట్ మార్గం ఇందుకు మంచి ఉదాహరణ. ఒకే ప్లగ్ ద్వారా సంకేతం బయటకు వెళ్ళి, మళ్ళీ అదే ప్లగ్ ద్వారా తిరిగివస్తుంది. ప్లగ్ కొన పంపడానికి, మధ్య ఉంగరం తిరిగి స్వీకరించడానికి వాడటం పరిపాటి అయినా, దీనికి విరుద్ధమైన అమరిక గల కన్సోళ్ళు కూడా ఉండేవి. అందువల్ల దుకాణంలో కొన్న కేబుల్ సరిపోతుందన్న హామీ లేదు.

ఈ పని పరిమాణాన్ని లెక్కవేయవచ్చు. ఒక ఇన్సర్ట్ కేబుల్‌కు మూడు స్పర్శలున్న ప్లగ్ ఒకటి, రెండు స్పర్శలున్న ప్లగ్‌లు రెండు కావాలి. అంటే మొత్తం 7 టంకపు అతుకులు. 16 చానళ్ళకు 48 ప్లగ్‌లు, 112 అతుకులు అవుతాయి. తగరం, సీసం 63:37 పాళ్ళలో ఉన్న టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద ముద్దదశ లేకుండా నేరుగా కరిగి గడ్డకడుతుంది కనుక, చేతిపనికి అది అనువైనది. అతుకు చల్లారేలోపు తీగ కదిలితే సంధి బలహీనపడుతుంది. అటువంటి ఒక్క అతుకును వెతకడానికి మొత్తం వలయాన్ని పరీక్షించవలసి వస్తుంది.

5. కవచం - దోషం ఎవరిది?

కన్సోల్ చుట్టూ వినిపించే గుయ్యిమనే రొదకు నింద ఎక్కువగా కేబుల్ మీదనే పడేది. లైన్‌స్థాయి కేబుళ్ళలో కవచాన్ని ఒక చివర కలపకుండా వదిలేయడం అందుకు ప్రచారంలో ఉన్న చిట్కా. మైక్రోఫోన్ కేబుల్‌కు ఈ ఉపాయం పనికిరాదు. నాయ్‌మన్ సంస్థ 1966లో నార్వే ప్రసార సంస్థ కోసం రూపొందించిన 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు కవచం ద్వారానే తిరిగివస్తుంది కనుక, అది తెగితే మైక్రోఫోన్ పనిచేయదు.

1995లో నీల్ మన్సీ తన పత్రంలో ఈ సమస్యను తలకిందులు చేసి చూపాడు. చాలా పరికరాల్లో ఒకటవ పిన్‌ను లోహపు పెట్టెకు కాకుండా లోపలి సంకేత వలయపు ఎర్త్‌కు కలుపుతున్నారని, దానివల్ల కవచంలో ప్రవహించే అవాంఛిత విద్యుత్తు నేరుగా ధ్వనిమార్గంలోకి చేరుతోందని వివరించాడు. ‘ఒకటవ పిన్ సమస్య’గా పేరొందిన ఈ విశ్లేషణ తరువాత ఏఈఎస్48-2005 ప్రమాణం వెలువడింది. దోషం పరికర రూపకల్పనలో ఉండగా, దాని చికిత్స మాత్రం దశాబ్దాలపాటు కేబుల్‌లో జరిగిందని దీనివల్ల స్పష్టమవుతోంది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, కేబుల్ తయారీ పరిజ్ఞానానికి మూలం టెలిఫోన్ వ్యవస్థలో ఉంది. రెండవది, ఏకీకృత ప్రమాణం లేని చోట ఆ లోటును వినియోగదారుని చేతిపని పూరించింది. మూడవది, ప్రమాణం రూపొందిన తరువాత ఆ శ్రమ చరిత్రలో కనుమరుగైంది. ధ్రువత మార్చిన కేబుళ్ళూ, కవచం ఒకవైపు వదిలిన కేబుళ్ళూ పాత స్టూడియోలు మూతపడినప్పుడు తుక్కుగా పోతాయి. ఆనాటి కన్సోళ్ళను సంగ్రహాలయాల్లో భద్రపరిచేవారు వాటి కేబుళ్ళను కూడా అతుకుల వివరాలతో సహా నమోదు చేయవలసి ఉంది. లేకపోతే ఆ పరికరాలు విడివిడిగా మిగులుతాయేగాని, అవి కలిసి ఎలా పనిచేశాయన్నది తరువాతి పరిశోధకులకు అందదు.